వేరే రాష్ట్రంలో ఉద్యోగం, ఇంటి దగ్గర చదివే పిల్లలు: అందరూ వెళ్ళాలా, కొందరు ఉండాలా?

శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు ఉద్యోగం కోసం రాష్ట్రం దాటడం కొత్తేమీ కాదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో, భిలాయి ఉక్కు కర్మాగారం చుట్టూ, రాయగడ దగ్గర జేకేపూర్ కాగితం మిల్లులో మనవాళ్ళు తరాలుగా ఉన్నారు. ఇల్లు ఎలా ఖాళీ చేయాలో, సామాను ఎలా పంపాలో చెప్పేవాళ్ళు వీధికి ఇద్దరైనా దొరుకుతారు. అయితే పిల్లలు బడికి వెళ్ళకుండా ఇంట్లోనే చదువుతుంటే ఆ సలహాల్లో సగం పనికిరావు. "టీసీ తీసుకుని అక్కడ చేర్చేయండి" అంటారు. ఇక్కడ టీసీయే లేదు.

ఇంకో గందరగోళం యూట్యూబ్ నుంచి వస్తుంది. అమెరికాలో ఇంటి చదువుకు రాష్ట్రానికో చట్టం ఉంటుంది. రాష్ట్రం మారితే చాలాచోట్ల పాత రాష్ట్రంలో ఉత్తరం ఇవ్వాలి, కొత్త రాష్ట్రంలో నమోదు చేసుకోవాలి. మన దేశంలో అలాంటి నమోదు ఏ రాష్ట్రంలోనూ లేదు. ఇంటి చదువును నిషేధించే చట్టం లేదు, అనుమతి ఇచ్చే ఆఫీసూ లేదు. కాబట్టి "ఆ రాష్ట్రంలో ఒప్పుకుంటారా" అన్న భయం పక్కన పెట్టొచ్చు. అసలు చిక్కు సర్టిఫికెట్ల దగ్గర, స్థానికత దగ్గర వస్తుంది.

## ముందుగా తేల్చుకోవలసినవి

పిల్లల వయసు. అన్నిటికన్నా బరువైనది ఇదే. పిల్లలు 8వ తరగతి ఈడు దాటకపోతే ఎక్కడికి వెళ్ళినా పెద్దగా పోయేది లేదు. విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందనో, విద్యా సంవత్సరం మొదలైపోయిందనో కాదనకూడదు. 14 దాటితే ఈ రక్షణ ఉండదు, బోర్డుల నిబంధనలే వర్తిస్తాయి.

స్థానికత. చాలా కుటుంబాలకు ఇది ఇంటర్ అయ్యాక, కౌన్సెలింగ్ రోజున గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్, వైద్యం వంటి సీట్లలో 85 శాతం స్థానికులకే. ఇంటర్ పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరుసగా 4 విద్యా సంవత్సరాలు ఆ స్థానిక ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తాయి. ఏ విద్యాసంస్థలోనూ చదవని పిల్లలకు చదువుకు బదులు అక్కడ నివసించిన కాలాన్ని చూస్తారు. ఇంటి చదువుల కుటుంబాలకు ఈ వెసులుబాటు పెద్ద ఆసరా. అయితే అది నిజంగా ఇక్కడ ఉంటేనే. 9వ తరగతి ఈడులో బెంగళూరు వెళ్ళిపోతే ఇక్కడి స్థానికత పోతుంది. అక్కడిది చేతికి రాదు, ఎందుకంటే కర్ణాటకలో రాష్ట్ర కోటా సీటుకు సాధారణంగా ఆ రాష్ట్రంలోని గుర్తింపు పొందిన సంస్థల్లో 7 ఏళ్ళు చదివి ఉండాలి, ఇంట్లో చదివిన ఏళ్ళు లెక్కలోకి రావు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

పూర్తిగా తలుపు మూసుకుపోదు లెండి. మిగతా 15 శాతం సీట్లకు, తల్లిదండ్రుల్లో ఒకరు బయటి ఉద్యోగ కాలం తీసేసి మొత్తం 10 ఏళ్ళు రాష్ట్రంలో ఉన్నవారైతే, పిల్లలు పోటీ పడొచ్చు. కానీ ఆ 15 శాతంలో స్థానికులూ మెరిట్ మీద వస్తారు. పోటీ గట్టిది.

చదువు చెప్పేదెవరు. లెక్కలు నాన్న, తెలుగు అమ్మ చెప్పే ఇల్లయితే నాన్న ఒక్కరే వెళ్తే సగం బడి మూతపడినట్టే. ఫోన్లో లెక్కలు నాలుగు వారాలు నడుస్తాయి, తర్వాత ఓవర్‌టైములు మొదలవుతాయి.

చేతిలో మిగిలేది. ఇంటి చదువుల ఇళ్ళల్లో ఎక్కువగా ఒక్క జీతమే. జీతం ఎంత పెరిగిందన్నది కాదు, అద్దె పోగా ఎంత మిగిలిందన్నదే చూడాలి.

## నాలుగు దారులు, ఒక్క చూపులో

| దారి | 8వ తరగతి లోపు | 9 నుంచి ఇంటర్ | ఏపీ స్థానికత | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|---|
| అందరూ వెళ్ళి, ఇంటి చదువు కొనసాగించడం | చాలా బాగుంటుంది | జాతీయ సార్వత్రిక పాఠశాల (ఎన్‌ఐఓఎస్)తో కుదురుతుంది | పోతుంది | వెళ్ళకముందే పాత ఊళ్ళో ఎన్‌ఐఓఎస్ నమోదు చేస్తే |
| అందరూ వెళ్ళి, అక్కడి బడిలో చేర్చడం | కుదురుతుంది, భాష చూసుకోవాలి | 9లో కష్టం, 10లో దాదాపు అసాధ్యం | పోతుంది | 8వ తరగతి సర్టిఫికెట్ లేకపోతే |
| ఉద్యోగి ఒక్కరే వెళ్ళడం | అవసరం తక్కువ | స్థానికత కావాలంటే ఇదే | నిలుస్తుంది | చదువు చెప్పే మనిషే వెళ్ళిపోతే |
| సరిహద్దు ఊళ్ళో కాపురం | బాగుంటుంది | బాగుంటుంది | నిలుస్తుంది | ఉద్యోగం దక్షిణ ఒడిశాలో కాకపోతే |

## అందరూ వెళ్ళి, ఇంటి చదువే కొనసాగించడం

ఈ దారిలో ఆధారం ఎన్‌ఐఓఎస్, అంటే రోజూ బడికి వెళ్ళకుండానే పరీక్షలు రాయనిచ్చే జాతీయ సార్వత్రిక పాఠశాల. దేశమంతా ఒకే బోర్డు కాబట్టి మళ్ళీ బదిలీ అయినా సిలబస్ మారదు. రాయపూర్‌లో ఉన్నా పదో తరగతిలో తెలుగును ఒక భాషగా రాయొచ్చు. మన పిల్లల తెలుగు నిలవాలనుకునేవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలి. ఏప్రిల్ విడతకు జులై 31 నాటికి, అక్టోబరు విడతకు జనవరి 31 నాటికి చూస్తారు. ఇంటర్ స్థాయికి 15 నిండాలి, పది పాసై ఇంటర్ పాసవడానికి మధ్య రెండేళ్ళు ఉండాలి. కనీసం 5 సబ్జెక్టులు, కావాలంటే 7 వరకూ తీసుకోవచ్చు. పాస్ మార్కు 33 శాతం. 5 ఏళ్ళలో 9 అవకాశాలు ఉంటాయి. ఇంట్లో చేసి పంపే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు. వీటిని తేలిగ్గా తీసుకుని గడువు దాటించేవాళ్ళే ఎక్కువ. ఇల్లు మారే నెల, అసైన్‌మెంట్ల నెల ఒకటైతే పోయేది ఆ 20 శాతమే.

ఈ దారిలో పదే పదే జరిగే పొరపాటు ఒకటుంది. ఉద్యోగం ఖాయమయ్యే లోపు "ఏడాది పోతుంది" అన్న కంగారులో విజయనగరంలోనో విశాఖలోనో స్టడీ సెంటర్ ఎంచుకుని నమోదు చేసేస్తారు. తీరా చూస్తే సైన్సు ప్రాక్టికల్స్ ఆ సెంటర్‌కే వచ్చి చేయాలి, పరీక్షా ఈ వైపే పడుతుంది. సెంటర్ మార్పించుకోవచ్చు, కానీ దానికి దరఖాస్తు, రుసుము, నిరీక్షణ. ఏడాదికి రెండు విడతలు ఉన్నాయి కాబట్టి ఒక విడత ఆగి, కొత్త ఊరి చిరునామాతో నమోదు చేయడమే మేలు. ఆరు నెలలు పోయినా నెత్తిన బరువు ఉండదు.

జేఈఈ రాసే పిల్లలైతే ఇంకోటి గమనించాలి. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకు. ఆ సొంత రాష్ట్రాన్ని పుట్టిన ఊరిని బట్టి కాదు, 12వ తరగతి ఎక్కడ రాశారన్నదాన్ని బట్టి తేలుస్తారు. ఎన్‌ఐఓఎస్ పిల్లలకు స్టడీ సెంటర్ ఉన్న రాష్ట్రమే లెక్క. సెంటర్ భువనేశ్వర్‌లో ఉంటే రూర్కెలా, చెన్నైలో ఉంటే తిరుచ్చి, బెంగళూరులో ఉంటే సూరత్కల్ సొంత కోటాలోకి వస్తాయి. ఇక్కడే ఉంటే తాడేపల్లిగూడెం. ఈఏపీసెట్ మీద కాకుండా జేఈఈ మీదే గురి ఉన్నవాళ్ళకు ఈ లెక్క వలసను నష్టం నుంచి లాభం వైపు తిప్పేస్తుంది.

8వ తరగతి లోపు పిల్లలకు ఎన్‌ఐఓఎస్‌లోనే ప్రాథమిక విద్య స్థాయిలు మూడున్నాయి. ఎ అంటే 3వ తరగతికి, బి అంటే 5కు, సి అంటే 8కి సమానం. ఇవి తప్పనిసరి కాదు. కానీ రేపు ఎప్పుడైనా బడిలో వేయొచ్చు అన్న ఆలోచన మనసులో ఒక మూల ఉన్నా, సి స్థాయి సర్టిఫికెట్ చేతిలో ఉంచుకోండి. ఎందుకో కింద తెలుస్తుంది.

## అందరూ వెళ్ళి, అక్కడి బడిలో చేర్చడం

కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, కొత్త ఇల్లు అన్నీ ఒకేసారి వచ్చినప్పుడు కొన్నాళ్ళు బడిలో వేద్దామనిపించడం సహజం. ఆరేడు తరగతుల వరకూ ఇందులో ఇబ్బంది లేదు. జనన ధ్రువపత్రం, ఆధార్ చాలు. స్కూలు వాళ్ళు టీసీ అడిగితే "ఇంతవరకూ ఏ బడిలోనూ చదవలేదు" అని తల్లిదండ్రుల డిక్లరేషన్ ఇవ్వాలి.

పిల్లలు మధ్యలో ఎప్పుడో ఒకటి రెండేళ్ళు బడికి వెళ్ళి మానేసి ఉంటే ఆ మాట చెల్లదు. బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ జాబితా యూడైస్‌లో వాళ్ళ పెన్ నంబరు (విద్యార్థి శాశ్వత సంఖ్య) పాత బడి పేరుమీదే ఉంటుంది. పాత బడి వాళ్ళు ఆ పేరును డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలినవాళ్ళ జాబితాలోకి) పంపితే తప్ప కొత్త బడి తన జాబితాలోకి తీసుకోలేదు. ఊళ్ళో ఉండగా పది నిమిషాల పని. 900 కిలోమీటర్ల దూరం నుంచి ఫోన్లో చేయించాలంటే నెల. సామాను సర్దేముందే పాత బడికి వెళ్ళి టీసీ రాయించుకుని, డ్రాప్‌బాక్స్ పని పూర్తయిందో లేదో కంప్యూటర్ తెర మీద కళ్ళారా చూసి రండి.

9వ తరగతి దగ్గర గోడ ఎదురవుతుంది. సీబీఎస్‌ఈ బడులు 9లో చేర్చుకోవాలంటే గుర్తింపు ఉన్న సంస్థ నుంచి 8 పాసైనట్టు కాగితం కావాలి. ఎన్‌ఐఓఎస్ సి స్థాయి ఇక్కడ ఆదుకుంటుంది. 10లో నేరుగా చేరడం అయ్యేపని కాదు, 9 కూడా గుర్తింపు ఉన్న బడిలో చదివి ఉండాలి.

కేంద్రీయ విద్యాలయం అన్న ఆశ చాలామందికి ఉంటుంది. సీటు తల్లిదండ్రుల ఉద్యోగ వర్గాన్ని బట్టి వస్తుంది. బదిలీలయ్యే కేంద్ర ప్రభుత్వోద్యోగులు ముందు, ప్రైవేటు కంపెనీల వాళ్ళు చివర. రైల్వేలోనో రక్షణ శాఖలోనో ఉంటే ప్రయత్నించండి, కంపెనీ ఉద్యోగమైతే దీని మీద పథకం వేయకండి. 9వ తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, అందులో హిందీ కూడా ఉంటుంది. ఇంట్లో హిందీ ముట్టని పిల్లలు బోల్తాపడేది అక్కడే.

విద్యా సంవత్సరాల తేడా కూడా చూడాలి. మనకు జూన్ 12 అలవాటు. సీబీఎస్‌ఈ బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. జూన్‌లో ఆర్డరు పట్టుకుని వెళ్తే అక్కడ రెండు నెలల పాఠాలు అయిపోయి ఉంటాయి.

## ఉద్యోగి ఒక్కరే వెళ్ళడం

పిల్లలు 9 నుంచి ఇంటర్ మధ్యలో ఉండి, ఇక్కడి ఇంజనీరింగ్, వైద్యం సీటే లక్ష్యమైతే దీన్ని ముందు పరిశీలించాలి. చదువు ఏపీ ఓపెన్ స్కూల్‌లో సాగించొచ్చు. పదికి 14 ఏళ్ళు, ఇంటర్‌కు 15 ఏళ్ళు నిండాలి. తరగతులు సెలవు రోజుల్లో దగ్గరి ఉన్నత పాఠశాలలోనే జరుగుతాయి. పరీక్షలు రాష్ట్రంలోనే రాయాలి. కాబట్టి కుటుంబమంతా వలస వెళ్ళేవాళ్ళకు ఈ బోర్డు సరిపడదు, ఇక్కడే ఉండేవాళ్ళకు మాత్రం ఎన్‌ఐఓఎస్ కన్నా తేలిక.

నిబంధన నాలుగేళ్ళదే అయినా కౌన్సెలింగ్‌లో 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడి చదువు లేనివాళ్ళు వాటి స్థానంలో తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపాలి. నాలుగేళ్ళ దగ్గర ఆపకుండా ఏడేళ్ళకూ రాయించుకోండి. కుటుంబం బెంగళూరులో ఉంటూ పిల్లవాడి ఆధార్ మాత్రం అమ్మమ్మగారి ఊళ్ళో ఉంచేసి నెట్టుకొద్దాం అనుకునేవాళ్ళూ ఉన్నారు. తప్పుడు నివాస పత్రంతో వచ్చిన సీటు తర్వాతైనా రద్దవుతుంది. ఆ దారి వద్దు.

డబ్బు సంగతి. లెక్క మాదిరికి చూద్దాం. పైడిభీమవరం ఫార్మా కంపెనీలో 35,000 తెచ్చుకునే మనిషికి హైదరాబాదులో 52,000 వచ్చిందనుకోండి. పెరిగింది 17,000. కుటుంబమంతా వెళ్తే అద్దె 7,000 నుంచి 16,000 అవుతుంది, తిండికి, తిరగడానికి ఇంకో 3,000. మిగిలేది 5,000. ఒక్కరే వెళ్తే హాస్టల్, భోజనం 8,000, నెలకోసారి రాకపోకలు 1,500. మిగిలేది 7,500. రెంటికీ తేడా 2,500. ఆ 2,500 కోసమే అయితే ఇల్లు రెండుగా చీల్చడం దండగ. స్థానికత కోసమైతే వేరే మాట.

రాకపోకలకు మన లైను మేలైనది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదు మీదుగా ముంబయి వెళ్తుంది, ప్రశాంతి బెంగళూరుకు. రెండూ పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరంలో ఆగుతాయి. అయితే సంక్రాంతికి, దసరాకు టికెట్లు తెరిచిన నిమిషాల్లోనే అయిపోతాయి. పండక్కి ఇంటికి రావడం అన్నది అరవై రోజుల ముందు చేసే పని.

## సరిహద్దు ఊళ్ళో కాపురం

మన జిల్లాలకు బాగా కలిసొచ్చే దారి ఇది. ఎందుకో చాలామంది తలుచుకోనే తలుచుకోరు. ఉద్యోగం బరంపురంలో అయితే ఇచ్ఛాపురంలో కాపురం పెట్టొచ్చు. మధ్యలో పాతిక కిలోమీటర్ల చిల్లర, జాతీయ రహదారి 16 ఉంది, రైలూ ఉంది. పర్లాకిమిడి అయితే పాతపట్నం పక్కనే. రాయగడ, జేకేపూర్ అయితే పార్వతీపురం. 2022లో పార్వతీపురం మన్యం వేరే జిల్లా అయినా స్థానిక ప్రాంతం అదే, ఆంధ్రా యూనివర్సిటీది. ఉద్యోగం ఒడిశాలో, కాపురం ఆంధ్రాలో. పిల్లల స్థానికత, ఓపెన్ స్కూల్, రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం ఏదీ కదలదు. అద్దె కూడా భువనేశ్వర్‌తో పోలిస్తే తక్కువ. రాత్రి షిఫ్టులు లేని ఉద్యోగమైతే కళ్ళు మూసుకుని దీన్నే ఎంచుకోవచ్చు. షిఫ్టులుంటే వానాకాలం ఒక నెల ప్రయాణం చేసి చూశాక చెప్పండి.

## ఊరిని బట్టి మారేవి

హైదరాబాదులో భాష బాధ లేదు. 2018 చట్టం ప్రకారం అక్కడి అన్ని బడుల్లో పది వరకూ తెలుగు తప్పనిసరి, మన పిల్లలకు అది వరమే. కానీ తెలుగు మాట్లాడినంత మాత్రాన స్థానికులు కారు. వాళ్ళ నాలుగేళ్ళ లెక్క వాళ్ళకుంది.

బెంగళూరులో అద్దె ఇంటి అడ్వాన్సు గట్టిగా ఉంటుంది, చాలాచోట్ల ఇంకా ఐదారు నెలలు అడుగుతారు. ఆ డబ్బు ముందే చేతిలో ఉండాలి. బడిలో వేస్తే కన్నడం తప్పదు. లిపి మన లిపికి దగ్గర కాబట్టి చదవడం రెండు మూడు నెలల్లో పట్టుబడుతుంది, రాయడంలో తలకట్లు తడబడతాయి. ఇంటి చదువుల కుటుంబాలు ఒకరికొకరు తోడు దొరకడంలో మాత్రం ఈ ఊరికి పోటీ తక్కువ.

చెన్నైలో కోట్టూర్‌పురం దగ్గర అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల విభాగం చూశాక ఇల్లు ఆ చుట్టుపక్కలే వెతకాలనిపిస్తుంది. బడి చదువైతే తమిళ లిపి మొదటి నుంచీ నేర్పాలి. భువనేశ్వర్‌లో ఒడియా లిపి కొత్తే, కానీ సోంపేట, ఇచ్ఛాపురం వైపు పిల్లలకు చెవికి అలవాటు ఉంటుంది. పఠాణీ సామంత ప్లానెటోరియం ఆ ఊళ్ళో ఇంటి చదువుకు మంచి ఆసరా.

ఏ ఊరైనా ఇల్లు చూసేటప్పుడు ఒకటి మరవొద్దు. పిల్లలు రోజంతా అందులోనే ఉంటారు. ఆఫీసుకు దగ్గరా కాదా అన్నదానికన్నా పగలు వెలుతురు వస్తుందా, నడిచే దూరంలో గ్రంథాలయమో మైదానమో ఉందా అన్నది ముందు చూడాలి. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి ఇల్లు చూడండి, ఆదివారం పొద్దున కాదు.

## బయల్దేరేముందు

కుల ధ్రువపత్రం, ఓబీసీ అయితే కేంద్ర ప్రభుత్వ నమూనాలో పత్రం, ఇక్కడి తహసీల్దారు దగ్గరే తీసుకోండి. మన రాష్ట్రపు కులం జాబితా వేరే రాష్ట్రంలో ఆ రాష్ట్ర రిజర్వేషన్‌కు పనికిరాదు. కేంద్ర సంస్థలకు మాత్రం సొంత రాష్ట్రపు పత్రమే అడుగుతారు. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డయితే రేషన్‌కు కంగారు అక్కర్లేదు, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద బియ్యం అక్కడా తీసుకోవచ్చు.

పుస్తకాలు ఇంటి చదువుల ఇంట్లో అన్నిటికన్నా బరువైన సామాను. స్లీపర్‌లో ఒక్కొక్కరికి 40 కిలోల సామాను ఉచితం, అది బట్టలకే సరిపోతుంది. తపాలా శాఖ 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ పేరుతో చదువు పుస్తకాలను తక్కువ ధరకు పంపుతోంది. 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. 5 కిలోల కట్టలుగా కట్టి, లోపల పాలిథీన్ వేసి, మొదటి నెలలో కావలసినవి ఆఖరి కట్టలో కాకుండా మొదటి కట్టలో పంపండి.

పిల్లలకు 5 ఏళ్ళకు ఆధార్ వేలిముద్రలు ఇవ్వాలి, 15 ఏళ్ళకు మళ్ళీ ఇవ్వాలి. ఆ వయసు దగ్గర్లో ఉంటే ఇక్కడే పూర్తి చేసుకోండి, ఎన్‌ఐఓఎస్ నమోదు మధ్యలో ఆగిపోయే సందర్భాల్లో ఇదొకటి.

రెండోది పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, చాలాసార్లు ఒక్క అక్షరంతో సరిపెడతాం. బయటి రాష్ట్రాల ఫారాల్లో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళుంటాయి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం పడితే పదో తరగతి మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా తేలుతుంది. జనన ధ్రువపత్రంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇక ఏ ఫారం నింపినా ఆ కాగితం చూసే నింపాలి, నింపేది నెట్ సెంటర్ కుర్రాడైనా సరే.